డబుల్ డెక్కర్ నానమ్మ

ఇంటర్వెల్ అయిపోయి దీపాలు ఆరిపోయాయి, తెర మీద ఎర్ర బస్సు మళ్ళీ కదిలింది, హాలు నిండా పిల్లలు ఒక్కసారిగా ఈలలు, కేకలు. నాగమణమ్మ మాత్రం చేతిలోని సమోసా కొరకడం మరిచిపోయి అట్లాగే పట్టుకొని కూర్చుంది. నూనె కాగితంలోంచి దిగి కొంగుకు అంటుకుంటున్నా చూసుకోలేదు. ఎడమపక్క మనవరాలు నీహారిక, రెండో తరగతి, కాళ్ళు కిందికి ఆనక సీటు అంచున ఊపుకుంటూ ఉంది. కుడిపక్క గోడకవతలి ఇంటి షౌకత్ బీ, ముప్పై ఏళ్ళ స్నేహం, బుర్ఖా మీది ముసుగు వెనక్కి వేసుకొని నమలడంలో మునిగి ఉంది. ఆదివారం పొద్దుటి ఆట, శాలిబండ దిక్కు పాత హాలు, సగం ఫ్యాన్లు తిరగవు, తిరిగేవి సినిమా కంటే ఎక్కువ మాట్లాడతాయి. ఇగ ఎంతసేపు, అనుకుంది నాగమణమ్మ, బస్సు కొండెక్కాలె, వాన రావాలె, ఆ తర్వాత అదే. అదంటే ముసలామె సీను. ఆ ముసలామె గొంతు నాగమణమ్మదే. బస్సునే ఇల్లు చేసుకొని ఊరూరు తిరిగే ఆ బొమ్మల కుటుంబంలో పై డెక్కులో కూర్చునే నానమ్మకు మూడు సినిమాల నుంచి ఆమే గొంతిస్తోంది. ఈ మూడోదాంట్లో ఆ నానమ్మ ఉంటుందా, పోతుందా అన్నది మాత్రం గొంతిచ్చిన మనిషికే తెలియదు.

మొదటిదప్పుడు గిట్ల లేకుండె. మొదటిదాంట్లో బస్సు నడిపింది సుత కొంచెంసేపు ముసలామెనే గదా, తండ్రి బొమ్మ భయపడి బ్రేకు మీదనుంచి కాలు తీస్తే, జరుగు బిడ్డా అని స్టీరింగు గుంజుకున్నది ముసలామెనే గదా. డైరెక్టర్ వెంకటనారాయణ అప్పుడు కుర్రవాడు, భీమవరం దిక్కు నుంచి వచ్చి అమీర్‌పేటలో రెండు గదుల్లో నలుగురు బొమ్మలు గీసేవాళ్ళను పెట్టుకొని మొదలుపెట్టాడు. రేడియో నాటకంలో ఆమె గొంతు విని వెతుక్కుంటూ గౌలిపురా గల్లీల్లోకి వచ్చాడు, ఇల్లు దొరక్క షౌకత్ బీ తలుపు కొట్టాడు, షౌకత్ బీ గోడ మీదుగా అరిచింది, నాగమణీ, నీ కోసం ఎవరో అంగీ టక్కు చేసుకున్న పోరగాడు వచ్చిండు, అని. ఆ పోరగాడు చెప్పులిప్పి చాప మీద కూర్చొని, అమ్మా, మా నానమ్మకు మీ గొంతు కావాలండి, అన్నాడు. ఒక్కటే అడిగాడు, మీ యాస కొంచెం తగ్గించాలండి, అందరికీ అర్థం కావాలి కదా, అన్నాడు. ఏందిని ఏమిటి చేసింది, ఎట్లని ఎలా చేసింది. రేడియోలో అలవాటే కాబట్టి నోటికి కష్టమనిపించలేదు. భర్త బాబూరావు రోజూ తోడొచ్చేవాడు. ఛత్తా బజార్‌లో పెళ్ళి శుభలేఖలు అచ్చేసే ప్రెస్సులో అక్షరాలు కూర్చి కూర్చి వేళ్ళు నల్లబడ్డ మనిషి, స్టూడియో బయట బెంచీ మీద పేపరు చదువుకుంటూ ఎదురుచూసేవాడు, తలుపు సందులోంచి ఆమె గొంతు వినపడితే పేపరు దించి నవ్వేవాడు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు, ఏమే, గా ముసలిదానికి నీ కంటే పొగరెక్కువ, అనేవాడు. నాకే ఎక్కువ, అనేది. ఆ పొగరు ముసలామె సీడీ ఇంటికి వచ్చిన కొత్తల్లో నీహారిక ఇంకా మాటలు కూడబలుక్కునే పిల్ల. టీవీలో బొమ్మ మాట్లాడితే వంటింట్లోకి పరుగెత్తి నానమ్మ మూతిని పట్టుకొని చూసేది. మూతి కదలడం లేదేమని.

తర్వాత తర్వాత ఏమైందో, ముసలామె ఎక్కడెక్కడ తగ్గిపోయిందో. రెండో సినిమాకు పిలిచినప్పుడు స్టూడియో పెద్దదైంది, ఏసీ పెట్టారు, బొమ్మలు కంప్యూటర్లో గీస్తున్నారు. కాగితాలు చేతికిస్తే తిరగేసింది, ఇంకోసారి తిరగేసింది, జాగ్రత్త అని మూడుసార్లు, అన్నం తిన్నారా అని ఒకసారి, అంతే. మిగతా అంతా పిల్లలు, కుక్క, గాల్లో ఎగిరే బస్సు. ఏంది నాయనా, ముసలామె పండుగకు ఎటన్న పోయిందా, అని నవ్వుతూనే అడిగింది. వెంకటనారాయణ తల గోక్కున్నాడు. ఏం చెయ్యమంటారమ్మా, ఆవిడ ముఖంలో ముడతలు ఎన్నని గియ్యాలి, చీర కుచ్చిళ్ళు కదిలితే ఒక్కొక్క మడతా కదలాలి, కుర్రాళ్ళు చొక్కా వేసుకుని పరిగెడితే తొందరగా అయిపోతుందండి, ఆవిడ నాలుగడుగులు వేస్తే వారం పడుతోంది. అందుకే కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళ మీద రగ్గు కప్పి, కిటికీ పక్కన పెట్టారు. కుచ్చిళ్ళ బాధ తప్పింది. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంది నాగమణమ్మ. నవ్వితే ఎన్ని గీతలు పడుతున్నాయి, కోపమొస్తే ఎన్ని. ఇన్ని గీతలు గీయాలంటే ఎవరికైనా యాష్ట రాదా మరి, అనుకుంది. తప్పు వాళ్ళది కాదేమో అనిపించింది. అయినా లోపల ఎక్కడో, ఆడబిడ్డ జల్‌పల్లిలో ప్లాటు కొని పెద్దదయ్యాక వాళ్ళింట్లో పెళ్ళికి పిలిచి ఎవరూ పలకరించకుండా వెనక కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు అనిపించినట్టే అనిపించింది.

"నానమ్మా, నువ్వేంది ఇంటర్వెల్ కాడి నుంచి కుర్చీలనే ఉన్నవ్?" నీహారిక చెవి దగ్గరకు వచ్చి గుసగుసలాడింది. తెర మీది ముసలామెను నువ్వు అంటుంది ఎప్పుడూ, ఆమె అనదు.

"మోకాళ్ళ నొప్పులు బిడ్డా."

"నీకు లేవు గదా?"

"గామెకున్నయి."

షౌకత్ బీ అటునుంచి వంగింది. "ఏయ్ నాగమణి, నీ ముసల్ది ఎప్పుడు మాట్లాడ్తది? నేను నీ గొంతు ఇనడానికే వచ్చిన, గా కుక్క అరుపులు ఇనడానికి కాదు."

వస్తది, అన్నది నాగమణమ్మ, వస్తది జర ఆగు, అన్నది. బస్సు కొండెక్కుతోంది. చలికాలం ముందు స్టూడియోలో ఆ గాజు గదిలో నిలబడి ఇదే కొండను చూసింది, శబ్దం లేకుండా. ఈసారి బొమ్మలు ముందే గీసేసి, గొంతు తర్వాత పెట్టుకుంటున్నారు, ముసలామె పెదవులు కదిలినట్టు మాట పడాలి. కాగితం మీద ఉన్నది రెండే మాటలు. ఇక నే వెళ్ళొస్తాను బాబూ. అందర్నీ బాగా చూసుకో. తర్వాత కళ్ళు మూసుకుంటుంది, వాన పడుతుంది, షెహనాయి. కాగితం పట్టుకొని నిలబడిపోయింది. సంపుతున్నవా నాయనా, అంది మైకులోనే. గాజు అవతల వెంకటనారాయణ నవ్వాడు, ఏం చేయమంటారండి, ఈసారి హాల్లో వేస్తున్నాం, పిల్లలు ఏడవాలి, ఏడిస్తేనే ఇంటికెళ్ళాక గుర్తుంటుంది, మీకిది పెద్ద సీనమ్మా, రెండో భాగంలో మిమ్మల్ని వాడుకోలేదని బాధపడ్డారు కదా. వాడుకోలేదు నిజమే, ఇప్పుడు వాడుకుంటున్నారు. ఇన్నేళ్ళూ కిటికీ పక్కన రగ్గు కప్పి కూర్చోబెట్టి, చివరికి పిల్లల్ని ఏడిపించడానికి లేపారు. చెప్పింది. అడిగినట్టే చెప్పింది, గొంతు వణికించి, బాబూ దగ్గర ఊపిరి తెగినట్టు. గాజు అవతల రికార్డింగు చూసుకునే స్టూడియో అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఓకే అన్నారు. అప్పుడు, ఇంకొక్కసారి చెప్తా నాయనా, ఉట్టిగనే, అంది. తెర మీద ముసలామె మూతినే చూస్తూ ఉంది అప్పటిదాకా, నాలుగో అక్షరం కాడ పెదవులు దగ్గరికొస్తయి, చివర బా కాడ మూసుకొని తెరుచుకుంటది. తన నోట్లో మాట దానంతట అదే వచ్చి కూర్చుంది. రేడియో నోరు పలికే మాటలు కాదవి, ఇంట్లో పలికేవి. జరంత పండుకుంట బిడ్డా. పొద్దుగాల్ల లేపు నన్ను. ముసలామె మూతికి కుట్టినట్టు అతికింది. వెంకటనారాయణ ఆ ముక్కను వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. తర్వాత మైకులో, బావుందండి, కానీ అర్థం మారిపోయింది కదమ్మా, అన్నాడు. మారాలనే, అంది. రెండూ ఉంచుతాను, ఎడిటింగ్‌లో చూద్దాం, అన్నాడు. ఏది ఉంచాడో చెప్పలేదు, ఈమె అడగలేదు. అడిగితే ఫలానాది అంటాడని భయం. టికెట్లు మాత్రం పంపించాడు.

కొండ మీద మబ్బు పట్టింది. ఇగో, వస్తున్నది. ఈ పిల్ల చెయ్యి ఏది, ఇటియ్యి బిడ్డా. నీహారిక చెయ్యి అందుకుంది, వేళ్ళ నిండా పాప్‌కార్న్ ఉప్పు. ఒక్క అక్షరం, అంతే. ఇక అని ఇ వస్తే పోతున్నట్టు, జరంత అని జ వస్తే ఉంటున్నట్టు. పండుకుంట అంటే సాలు, పండుకుంట అంటే, అని అనుకుంటుండగానే ఆ మాట దగ్గరే ఆగిపోయింది. పండుకుంట. అయ్యో, గా మాట. ఇన్నాళ్ళు తట్టలేదేంది. పోయిన ఎండాకాలం ఆదివారం మధ్యాహ్నం బాబూరావు అన్నం తిని, మామిడిపండు తిని, పేపరు మొహం మీద కప్పుకొని నడవాలో చాప మీద పడుకున్నాడు. చాయ్ వేళకు తాతను లేపమని పంపింది ఈ పిల్లనే. తాత లేస్తలేడు, అని వచ్చి చెప్పింది ఈ పిల్లనే, మామూలుగా, బిస్కెట్ తింటూ. ఆ తర్వాత ఇంట్లో ఏడుపులు, మనుషులు, పిల్లను షౌకత్ బీ ఇంటికి పంపారు. తిరిగొచ్చి తాతేడి అని అడిగితే కోడలు సుచరిత మొహం తిప్పుకొని, తాత పండుకున్నడమ్మా, దేవుని దగ్గర పండుకున్నడు, అంది. అందరూ అదే అన్నారు. కొడుకు ప్రకాశం అదే అన్నాడు. నాగమణమ్మ తలూపింది, మాట్లాడే ఓపిక లేక. షౌకత్ బీ ఒక్కతే అంది, మేం చిన్న పిల్లలకు సుత గుజర్ గయే అనే చెప్తం, పోయిండని చెప్పుర్రి, పండుకుండు పండుకుండు అంటే పోరి నిద్రంటే జడుసుకోదా. ఎవరూ వినలేదు. అప్పటి నుంచే గదా. మధ్యాహ్నం తను కునుకు తీస్తే వచ్చి భుజం పట్టి ఊపుతుంది, నానమ్మా లే, నానమ్మా లే, ఏం కావాలె అంటే, ఏం లేదు, ఉట్టిగనే, అంటుంది. రాత్రి సుత రెండు మూడుసార్లు చిన్న చెయ్యి వచ్చి ముక్కు కింద ఆగుతుంది, వేళ్ళకు గాలి తగిలిందాకా ఉండి పోతుంది. ఆ పిల్లను ఇప్పుడు చేతులార తీసుకొచ్చి, ఇంత పెద్ద తెర మీద, తన గొంతుతోనే, జరంత పండుకుంట బిడ్డా అని కండ్లు మూసుకుంటున్నది. గీ మాట కంటే గా మాటే నయముండె గదా. ఎల్లొస్త అన్నా వచ్చేది లేదని తెలుస్తుండె. లేద్దామా, పిల్లను ఎత్తుకొని బయటికి పోదామా, కడుపుల నొస్తుందని చెప్దామా. ఒక అడుగు ముందుకు పెట్టింది కూడా. షౌకత్ బీ మోకాలు అడ్డం.

"ఏడ పోతున్నవ్? ఇప్పుడే గదా ముసల్ది నోరు తెరుస్తున్నది! కూసో!"

వాన పడుతోంది. పై డెక్కు కిటికీ అద్దం మీద చుక్కలు జారుతున్నాయి, ముసలామె ముఖం తెరంతా నిండింది, ఎవరో ఓపికమంతుడు ఈసారి ముడతలన్నీ గీశాడు, కళ్ళ చివర, మూతి చుట్టూ, నుదుటి మీద, ఒక్కటి వదలకుండా. హాల్లో ఈలలు ఆగిపోయాయి. ఫ్యాను చప్పుడు. బొమ్మ పిల్లవాడు ముసలామె చెయ్యి పట్టుకున్నాడు. నాగమణమ్మ మళ్ళీ కూర్చొని కళ్ళు మూసుకుంది. చెవులే మిగిలాయి. జరంత, అంది హాలంతా. జరంత పండుకుంట బిడ్డా. ఇంట్లో మాట, గౌలిపురా మాట, నాలుగు స్పీకర్లలోంచి, ఏమీ తగ్గించకుండా. పొద్దుగాల్ల లేపు నన్ను. వెనక వరసలో ఎవరో తండ్రి, ఏయ్, మన లెక్క మాట్లాడింది రా, అన్నాడు. కానీ షెహనాయి వచ్చింది. చచ్చిపోయే సీను కోసం ఊదించిన షెహనాయిని అట్లాగే ఉంచేశారు. మాట ముసలామె ఉంటున్నదంటే పాట పోతున్నదంటోంది. పాటనే గెలిచింది, ముందు వరసలో ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది, దాన్ని చూసి ఇంకొకటి, హాలంతా ముక్కులు చీదుతున్నాయి, షౌకత్ బీ ముసుగు అంచుతో కళ్ళొత్తుకుంటూ, హాయ్ అల్లా, మంచిగుండె ముసల్ది, అంటోంది. నీహారిక ఏడవడం లేదు. కాళ్ళు ఊపడం ఆపేసింది. నోరు తెరుచుకొని తెరవైపు చూస్తోంది, నాగమణమ్మ వేళ్ళను పట్టుకున్న పట్టు మాత్రం గట్టిపడుతోంది, ఉంగరం నొక్కుకుపోతోంది.

తెల్లారింది. కొండ మీద ఎండ. బొమ్మ పిల్లవాడు మెట్లెక్కుతున్నాడు, డబుల్ డెక్కర్ వంకర మెట్లు, ఒకటి, ఇంకొకటి, ఎన్నున్నయి రా నాయనా మెట్లు. ఎక్కాడు. కిటికీ పక్కన కుర్చీ ఖాళీ. రగ్గు మడతపెట్టి ఉంది. ఆ ఖాళీ కుర్చీ మీదనే ఆగింది సినిమా, కదలదే, మూసెయ్యిర్రి ఇగ, దీపాలేసెయ్యిర్రి. అప్పుడు కింది నుంచి కేక వినిపించింది, ఒరేయ్ బన్నీ, చాయ్ చల్లారిపోతోంది, దిగవేమిరా! ముసలామె. కింద, రోడ్డు పక్కన, స్టవ్ ముందు, నడుముకు చేతులు పెట్టుకొని నిలబడి. ఆకుపచ్చ చీర, కుచ్చిళ్ళు గాలికి ఒక్కొక్కటీ కదులుతున్నాయి. అది మొదటి సినిమాలోని బొమ్మ. నాగమణమ్మకు వెంటనే తెలిసిపోయింది, కొత్తది గీయలేక పాతది తెచ్చి అతికించాడు వెంకటనారాయణ, వెనక కొండ మాత్రం కొత్తది. గొంతు కూడా పాతదే, ఆ కేక పెట్టిన రోజు తనకు గుర్తుంది, నాలుగుసార్లు పెట్టించారు, నాలుగోసారికి బయట బెంచీ మీద బాబూరావు, వస్తున్ననే, అని తమాషాకు జవాబిచ్చాడు, అది కూడా మైకులో పడి అందరూ నవ్వారు. ఆ జవాబును కోసేశారు. కేక ఇప్పుడు ఒక్కటే వచ్చింది. వచ్చి హాలంతా తిరిగింది, ఏడుస్తున్న పిల్లలంతా ఒక్కసారిగా కుర్చీల మీదికెక్కి అరిచారు. నాగమణమ్మ ఎప్పటి నుంచి బిగబట్టిందో, ఈ వాన కాన్నుంచా, స్టూడియో కాన్నుంచా, ఎండాకాలం కాన్నుంచా, భుజాలు వాటంతట అవే కిందికి దిగాయి, చేతిలో మిగిలిన సమోసా నేల మీద పడింది, పడనీ.

"లేసింది," అంది నీహారిక. తర్వాత కొంచెం ఆలోచించి, "చీర మార్చుకుంది. తానం చేసినట్టుంది."

బయట ఎండ కళ్ళల్లో పొడిచింది. లాడ్ బజార్ దిక్కు నుంచి వచ్చే స్కూటర్లు, ఆటోలు, గాజుల డబ్బాలు మోసుకుపోయే మనుషులు, అన్నిటి మధ్యలోంచి ముగ్గురూ పక్కకు తప్పుకుంటూ నడిచారు. షౌకత్ బీ ముందు నడుస్తూ దారిచ్చేవాళ్ళకు, ఇవ్వనివాళ్ళకు కూడా ఏదో ఒకటి అంటోంది. ఇప్పుడే చెప్పాలె, అనుకుంది నాగమణమ్మ, ఇల్లు చేరితే మళ్ళ చెప్పలేను, సుచరిత ఉంటది, ప్రకాశం ఉంటడు. బట్టల దుకాణం నీడలో ఆగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకొని పిల్ల ముఖానికి సరిగ్గా వంగింది.

"నీహా, ఒక మాట చెప్త. తాత పండుకోలే బిడ్డా. తాత సచ్చిపోయిండు. మల్ల లేవడు. మేమందరం నీకు గట్ల చెప్పినం గని, అది నిద్ర కాదు."

నీహారిక ఆమె నుదుటి మీద చెమటను చేత్తో తుడిచింది. "నాకెర్కనే."

"ఎర్కనా? ఎప్పటి నుంచి?"

"అప్పుడే. షౌకత్ నానమ్మ ఇంట్ల అందరు అనుకుంటుంటె ఇన్న. అమ్మకు చెప్తే ఏడుస్తదని చెప్పలే."

"మరి నేను పండుకుంటే ఎందుకు లేపుతవే?"

పిల్ల చెప్పాలా వద్దా అన్నట్టు అటూ ఇటూ చూసింది. "నువ్వు గురక పెడ్తవ్ గదా. మంచిగనే పెడ్తవ్. నడుమల ఆగిపోతది. నేను జూస్త, మల్ల మొదలైతదేమో అని. మస్తుసేపు కాకపోతే లేపుత. గంతే."

"ఆగిపోతదా?" అంది నాగమణమ్మ.

"ఆగిపోతది. తర్వాత బస్సు స్టార్టయినట్టు మల్ల అయితది."

ముందు నడుస్తున్న షౌకత్ బీ గిర్రున వెనక్కి తిరిగింది. "సచ్ బాత్! మా గోడకవతలికి ఇనపడ్తది! ఆగినప్పుడు నేను గూడ తస్బీ పూసలు పక్కన పెట్టి చెవి పెట్టి ఇంట, ఏమైంది దీనికి అని. ఇద్దరం కావలి కాస్తున్నం, ఈడ ఈ పోరి, ఆడ నేను!"

నాగమణమ్మకు నవ్వు వచ్చింది. మొదట ముక్కులోంచి చిన్నగా, తర్వాత పొట్టలోంచి, ఆపుకుందామంటే ఆగలేదు, ఎండాకాలం నుంచి మూతపెట్టిన నవ్వు, గోడ అవతల ఒకామె తస్బీ పట్టుకొని, ఇవతల ఒక పిల్ల ముక్కు కింద వేలు పెట్టి, నడుమ తను ఏమీ ఎరగక బస్సు స్టార్టు చేస్తూ, ఆపుతూ. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు కారాయి, దుకాణం మెట్టు మీద కూలబడింది. నవ్వుతుంటే నీహారిక కూడా మొదలుపెట్టింది, ఎందుకో తెలియకుండానే. దుకాణంలోంచి తెల్ల టోపీ పెద్దమనిషి ఒకాయన కంగారుగా స్టూలు తెచ్చి వేశాడు, స్టీలు గ్లాసుతో నీళ్ళు అందించాడు.

"అమ్మా, ఏమైంది? ఏడుస్తున్నరు, ఏమన్న తక్లీఫా?"

"ఏం లేదు భాయ్," అంది నాగమణమ్మ, ఊపిరి అందుకుంటూ, గ్లాసు రెండు చేతులతో పట్టుకొని. "నవ్వుతున్న." మట్టికుండలో నీళ్ళు, చల్లగా ఉన్నాయి, ఒక్క గుక్కలో సగం తాగి, మిగతాది మనవరాలికి ఇచ్చింది.